ఫ్రిట్జ్ జ్వికీ

చైత్ర వైశాఖ మాసములందు రాత్రివేళ తలయెత్తి చూచినచో, ఉత్తరఫల్గునీ నక్షత్రమునకును స్వాతికిని నడుమ ఆకాశము ఇంచుమించు ఖాళీగా కనబడును. చంద్రుడు లేని రాత్రి, దీపముల వెలుగు సోకని పొలముగట్టున నిలిచి పరికించువారికి మాత్రము అచ్చట సన్నని చుక్కల గుంపొకటి మసకగా తోచును. పూర్వకాలపు గ్రీకులు ఆ గుంపును ఈజిప్టు రాణియైన బెరెనిస్ దేవాలయమున సమర్పించిన శిరోజములని చెప్పుకొనిరి. అందుచేత దానికి కేశములను అర్థమునిచ్చు కోమా యను పేరు వచ్చినది.

ఆ చుక్కలు మనకు దగ్గరివి. వాని వెనుక, ఊహకందని దూరమున, వేయికి పైగా గెలాక్సీలు ఒక్కచోట గుమిగూడియున్నవి. గెలాక్సీ యనగా కోట్లకొలది నక్షత్రముల కూటమి. మన సూర్యుడు పాలపుంత యను గెలాక్సీలో ఒక నక్షత్రము మాత్రమే. అట్టి గెలాక్సీలు వేయి చేరిన కోమా సమూహమును 1933వ సంవత్సరమున ఒక శాస్త్రజ్ఞుడు కాగితముమీద తూచెను. తూచగా, వెలుగుచున్న నక్షత్రముల బరువు ఆ సమూహమును కట్టియుంచుటకు ఏమాత్రము చాలదని లెక్క తేలెను. వెలుగునదానికంటె వెలుగనిదే అచ్చట ఎన్నో రెట్లు అధికముగా నుండవలెనని ఆయన వ్రాసెను. తోటివారు నలువది యేండ్లవరకు ఆ మాటను పట్టించుకొనలేదు. ఆ శాస్త్రజ్ఞుడే ఫ్రిట్జ్ జ్వికీ.

జ్వికీ 1898వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన బల్గేరియా దేశమందలి వార్నా నగరమున జన్మించెను. వార్నా నల్లసముద్రపు టొడ్డున నున్న రేవుపట్టణము. తండ్రి ఫ్రిడొలీన్ జ్వికీ స్విట్జర్లాండు దేశస్థుడు. వ్యాపారము నిమిత్తము వార్నాలో స్థిరపడి, కొంతకాలము నార్వే దేశమునకు కాన్సులుగా కూడ వ్యవహరించెను. తల్లి చెక్ జాతికి చెందినది. ముగ్గురు సంతానములో ఫ్రిట్జ్ పెద్దవాడు. ఆరవయేట తండ్రి అతనిని స్విట్జర్లాండునందలి గ్లారుస్ అను ప్రాంతమునకు, తాతయవ్వల చెంతకు పంపెను. కుమారుడు వాణిజ్యము చదివి తనవలె వర్తకుడు కావలెనని ఆయన కోరిక.

గ్లారుస్ కొండల నడుమ నిమిడియున్న లోయ. ఏ దిక్కు చూచినను ఆల్ప్స్ పర్వతముల మంచుశిఖరములే కనబడును. సముద్రతీరమునుండి వచ్చిన ఆ బాలునికి కొండలమీద అనురాగము కుదిరెను. పెరిగి పెద్దవాడై కొండలెక్కుటలో గట్టి నేర్పు సంపాదించెను. వాణిజ్యముపై మాత్రము మనస్సు నిలువలేదు. గణితమును భౌతికశాస్త్రమును తనకు తగిన విద్యలని నిశ్చయించుకొని, జ్యూరిచ్ నగరమందలి సాంకేతిక విద్యాలయమున ప్రవేశించెను. ఐన్‌స్టీన్ చదువుకొని, కొంతకాలము బోధించిన విద్యాలయమదియే. అచ్చట పీటర్ డిబై, పాల్ షెరర్ అను ఆచార్యులకడ స్ఫటికములను గూర్చి పరిశోధన చేసి 1922లో డాక్టరు పట్టమును పొందెను. ఉప్పురవ్వవంటి స్ఫటికమున అణువులు ఒకదానినొకటి ఎట్లు పట్టియుంచుకొనుచున్నవను ప్రశ్న ఆ పరిశోధనకు విషయము. చిన్నవానిని పెక్కింటిని కలిపి యుంచు బలము నెట్లు లెక్కించవలెనో ఆ వయస్సుననే ఆయన నేర్చుకొనెను. తరువాత ఆ విద్యనే ఆకాశమునకు వినియోగించెను.

1925లో ఒక విద్యార్థివేతనముపై ఆయన అమెరికాకు వెళ్లి, కాలిఫోర్నియా రాష్ట్రమున పసడీనా నగరమందలి కాల్‌టెక్ అను విద్యాసంస్థలో చేరెను. ఆ సంస్థకు పెద్ద, నోబెల్ బహుమానము నందిన రాబర్ట్ మిల్లికన్. జ్వికీ అచ్చటికి పోయినది ద్రవములను, స్ఫటికములను పరిశోధించుటకే. కాని పసడీనాకు దాపుననే మౌంట్ విల్సన్ కొండమీద, ఆ కాలమున ప్రపంచమున కెల్ల పెద్దదైన నూరు అంగుళముల దూరదర్శిని యుండెను. దానితో ఎడ్విన్ హబుల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సుదూరమందలి గెలాక్సీలను పరిశీలించుచుండెను. దూరమున నున్న గెలాక్సీలు మననుండి మరింత దూరముగా సాగిపోవుచున్నవనియు, ఎంత దూరమున నున్నది అంత వేగముగా పోవుచున్నదనియు 1929లో హబుల్ ప్రకటించెను. ఈ వార్త ఊరంతయు మారుమ్రోగుచుండగా యువకుడైన జ్వికీ స్ఫటికములతో తృప్తిపడి యుండగలుగుట కల్ల.

మొదటి ప్రయత్నమున ఆయన పొరబడెను. గెలాక్సీలు దూరముగా పోవుచుండుట నిజము కాదేమో, వాని కాంతియే దీర్ఘప్రయాణమున శక్తిని కోల్పోవుచున్నదేమో యని 1929లో నొక వ్యాసమున సూచించెను. తరువాతి పరిశీలనలు ఆ యూహను తోసిపుచ్చినవి. జ్వికీ జీవితకాలమున చేసిన యూహలన్నియు సరియైనవని చెప్ప వీలులేదు. వానిలో కొన్ని అప్పుడే వీగిపోయినవి. కొన్ని ఎవ్వరును నమ్మని కాలమున చెప్పబడి, తరువాత నిజమని తేలినవి. ఇవి యే కోవకు చెందినవో ఆనాటి వారికి తెలియు మార్గము లేకుండెను. ఆయనను గూర్చి తోటివారు చేసిన తప్పును విచారించునప్పుడు ఈ సంగతి మరువరాదు.

ఆయన మాట మిక్కిలి కరకు. తప్పు కనబడినచో పెద్దయనక చిన్నయనక ముఖముననే ఖండించును. తన యూహలను ఇతరులు తమవిగా చెప్పుకొనుచున్నారని అనుమానించును. అందువలన శత్రువులు పెక్కురు, మిత్రులు కొలదిమంది. ఆయన కోపము ఆయన శాస్త్రమునకు చేసిన చెరుపు తక్కువ కాదు.

ఇక 1933 నాటి వ్యాసము. అప్పటికి మౌంట్ విల్సన్ దూరదర్శినితో హబులును, ఆయన సహాయకుడు మిల్టన్ హ్యూమసనును కోమా సమూహములోని కొన్ని గెలాక్సీల వేగములను కొలిచియుండిరి. ఈ హ్యూమసన్ మొదట కంచరగాడిదలమీద కొండపైకి సామాను చేరవేసినవాడు. పెద్ద చదువు చదువకయే, చూపులోని నేర్పువలన జ్యోతిశ్శాస్త్రజ్ఞులలో నొకడైనవాడు. దూరమున నున్న గెలాక్సీ వేగమును కొలుచు ఉపాయ మిది. రైలుబండి కూత వేయుచు మనవైపు వచ్చునప్పుడు ఆ ధ్వని కీచుగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును. కాంతియు అట్లే. మననుండి దూరముగా పోవు వస్తువు కాంతి ఎరుపువైపునకు జరుగును. వర్ణపటములో ఎంత జరిగినదో చూచి వేగమెంతయో చెప్పవచ్చును.

పట్టుమని పది గెలాక్సీల వేగములైనను ఆనాటికి తెలియవు. తెలిసిన కొన్నింటిని జ్వికీ వరుసగా వ్రాసికొని చూచెను. ఆ గెలాక్సీలన్నియు ఒకే సమూహమునకు చెందినవి గాన వాని వేగములు ఇంచుమించు సమానముగా నుండవలెనని ఎవరైనను తలచుదురు. కాని ఒక గెలాక్సీకిని మరియొకదానికిని సెకనుకు వేయి కిలోమీటర్లు, ఒక్కొక్కచో అంతకంటెను ఎక్కువ భేదము కనబడెను. తేనెపట్టుచుట్టు మూగిన ఈగలవలె అవి తమ సమూహములో నటునిటు మహావేగముతో తిరుగుచున్నవని దీని యర్థము.

అంత వేగముతో తిరుగునవి చెదరిపోక ఒక్కచోట నెట్లు నిలిచియున్నవి? జ్వికీకి తోచిన ప్రశ్న ఇదియే. పొలములో పిట్టలను తోలు బాలుడు వడిసెలలో రాయినుంచి గిరగిర త్రిప్పుట అందరును చూచినదే. రాయి మెల్లగా తిరుగునప్పుడు సన్నని త్రాడైనను ఆగును. వేగము హెచ్చినకొలది త్రాడు గట్టిదై యుండవలెను. బలము చాలనిచో త్రాడు తెగి రాయి దూరముగా పోయిపడును. రాయి పెనువేగమున తిరుగుచుండియు త్రాడు తెగకున్నచో, ఆ త్రాడు మన కంటికి కనబడకపోయినను గట్టిదని చెప్పుటకు సందేహింపనక్కరలేదు. గెలాక్సీలను పట్టియుంచు త్రాడు గురుత్వాకర్షణము. ఆకర్షణమునకు మూలము ద్రవ్యము. కావున గెలాక్సీల వేగము తెలిసినచో, వానిని చెదరిపోకుండ పట్టియుంచుటకు ఎంత ద్రవ్యము కావలెనో లెక్కింపవచ్చును. ఇందులకు కావలసిన నియమమును 1870లో క్లౌసియస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనిపెట్టియుండెను. జ్వికీ దానిని గెలాక్సీల సమూహమునకు ప్రయోగించెను. అంతకు ముందు ఆ పని యెవ్వరును చేసి యెరుగరు.

లెక్కను ఆయన రెండు వైపులనుండి నడిపెను. మొదట కాంతినిబట్టి: కోమా సమూహమున 800 గెలాక్సీలు; ఒక్కొక్కటి నూరు కోట్ల సూర్యులంత బరువు; అన్నియు కలిసి ఎనుబది వేల కోట్ల సూర్యుల బరువు. ఇవి పది లక్షల కాంతి సంవత్సరముల వ్యాసార్ధముగల ప్రదేశమున నిండియున్నవి. కాంతి ఒక్క సంవత్సరమున పోవు దూరము కాంతి సంవత్సరము. ఈ బరువునకు తగిన వేగము సెకనుకు 80 కిలోమీటర్లు మాత్రమే యగును. పిమ్మట వేగమునుబట్టి: కనబడుచున్న వేగము వేయి కిలోమీటర్లు. అదియును మనవైపు వచ్చు, మననుండి పోవు వేగము మాత్రమే. అడ్డముగా పోవు వేగమును వర్ణపటము చూపజాలదు. వేగము రెండింతలైనచో ద్రవ్యము నాలుగింతలు కావలెను. ఇవియన్నియు కలిపి చూడగా, కోమా సమూహములో కంటికి కనబడు ద్రవ్యముకంటె కనీసము 400 రెట్లు ఉండవలెనని తేలెను.

అది లెక్కలో దొర్లిన చిన్న పొరపాటు కాదగినంత తక్కువ సంఖ్య కాదు. ఇట్టి ఫలితము వచ్చినప్పుడు తన కొలతలను సందేహించి వ్యాసమును పెట్టెలో దాచుకొనువారు పెక్కురుందురు. జ్వికీ దాచలేదు. తన పద్ధతిలోని అనిశ్చయములను చెప్పుచునే ఫలితమును ప్రకటించి, ఆ కనబడని దానికి తన మాతృభాషయైన జర్మనులో కృష్ణపదార్థమని పేరు పెట్టెను. ఆ పేరు ఆయనకు ముందే మరికొందరు వాడినదే. ఊర్ట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1932లో మన పాలపుంతలోని నక్షత్రముల కదలికను చూచి ఇట్టి శంకనే వెలిబుచ్చియుండెను. కాని వెలుగు ద్రవ్యముకంటె వెలుగని ద్రవ్యము వందల రెట్లు మించినదను మాట మాత్రము జ్వికీదే.

వ్యాసము స్విట్జర్లాండు పత్రికలో జర్మను భాషలో వెలువడెను. అమెరికాలో దానిని గమనించినవారు కొద్దిమంది. 1936లో సింక్లెయిర్ స్మిత్ అను మరియొక శాస్త్రజ్ఞుడు కన్యారాశియందలి గెలాక్సీల సమూహమును ఇట్లే తూచి, అచ్చటను బరువు చాలలేదని చెప్పెను. 1937లో జ్వికీ తన లెక్కను సవరించి ఇంగ్లీషులో విపులముగా వ్రాసెను. ఆ వ్యాసముననే ఆయన మరియొక తూకమును సూచించెను. గాజుగ్లాసు అడుగుభాగముగుండ దీపమును చూచినచో, అది సాగి, వంగి, ఒక్కొక్కప్పుడు రెండుగా కనబడును. బరువైన వస్తువు తనకు దాపుగా పోవు కాంతిని వంచునని ఐన్‌స్టీన్ చెప్పియుండెను. ఒక్క నక్షత్రము చేయు వంపు కంటికి దొరకనంత స్వల్పమని ఆయన అభిప్రాయము. నక్షత్రము మాట యెట్లున్నను, గెలాక్సీ వంటి మహారాశి వెనుకనున్న కాంతిని గాజుబిళ్లవలె వంచి చూపుననియు, ఆ వంపును కొలిచి గెలాక్సీని తూచవచ్చుననియు జ్వికీ వ్రాసెను. ఆ మాట ఋజువగుటకు నలువదిరెండేండ్లు పట్టినది.

ఆనాటి పెద్దలు ఆయనను నమ్మకపోవుటకు కారణములు లేకపోలేదు. తెలిసిన వేగములు కొన్నియే. కనబడని ద్రవ్యము మందమైన నక్షత్రములో వాయువో యై యుండవచ్చును. ఆర్మీనియా దేశస్థుడైన అంబర్త్సుమ్యాన్ మొదలగువారు తరువాతి కాలమున, గెలాక్సీల సమూహములు నిజముగా చెదరిపోవుచునే యున్నవని, త్రాడు ఎప్పుడో తెగినదని వాదించిరి. కాని అంత వేగమున చెదరిపోవునవైనచో అవి యెన్నడో మాయమై యుండవలసినది. ఆకాశమున ఎటుచూచినను గుంపులుగా కనబడుటకు హేతువుండదు. చిక్కు తీరలేదు, దానిని విప్పుటకు పూనుకొన్నవారును లేరు.

ఈ నడుమ జ్వికీ ఊరక కూర్చుండలేదు. జర్మనీనుండి వచ్చిన వాల్టర్ బాడేతో కలిసి 1934లో ఇంకొక సాహసోక్తి చేసెను. కొన్ని మహానక్షత్రములు కాలము తీరినప్పుడు పగిలి, కొన్ని వారములపాటు తమ గెలాక్సీతో సమానముగా వెలుగునని, అట్టి ప్రేలుడుకు సూపర్నోవా యని పేరుపెట్టిరి. ప్రేలుడు ముగిసిన పిదప న్యూట్రాన్ కణములతో నిండిన మిక్కిలి సాంద్రమైన చిన్న గోళము మిగులునని కూడ చెప్పిరి. న్యూట్రాన్ కణము కనుగొనబడి అప్పటికి రెండేండ్లే యైనది. 1967లో జోసలిన్ బెల్ అను యువతి పల్సారులను కనుగొన్నప్పుడు ఆ న్యూట్రాన్ తార నిజముగా దొరకెను. దానిని చూచుటకు జ్వికీ జీవించియుండెను.

సూపర్నోవాలను పట్టుటకు ఆకాశమును విశాలముగా చూడగల పరికరము కావలెను. బాల్యమున మందుగుండు ప్రమాదమున కుడిచేయి పోగొట్టుకొనిన బెర్న్‌హార్డ్ ష్మిట్ అను నిపుణుడు జర్మనీలో అట్టి దూరదర్శినిని క్రొత్తగా నిర్మించియుండెను. ఆ రీతిదే, 18 అంగుళములది, 1936లో పాలొమార్ కొండమీద స్థాపింపబడెను. ఆ కొండపై మొదట నిలిచిన దూరదర్శిని అదియే. రాత్రులు చలిలో నిలిచి జ్వికీ చిత్రముల వెంట చిత్రములు తీసెను. నేటి చిత్రమును నెలనాటి చిత్రముతో పోల్చి, క్రొత్తగా వెలసిన చుక్క కొరకు వెదకెను. జీవితకాలమున ఆయన యొక్కడే నూటికి పైగా సూపర్నోవాలను కనుగొనెను.

ఆ చిత్రములలోనే గెలాక్సీలు గుంపులుగుంపులుగా కనబడెను. జ్వికీ వానినన్నింటిని లెక్కకు ఎక్కింప బూనెను. 1961 మొదలు 1968 వరకు ఆరు సంపుటములుగా వెలువడిన ఆ పట్టికలో దాదాపు ముప్పదివేల గెలాక్సీలును, తొమ్మిదివేలకు పైగా సమూహములును చేరినవి. పండితుల కిది విసుగుపుట్టించు పనియై యుండవచ్చును. కాని కరణము లేని గ్రామమున భూమి కొలతలెట్లు తెలియవో, పట్టిక లేని ఆకాశమున పరిశోధన యట్లే సాగదు. ఆయనతో మాటలాడుటకు ఇష్టపడనివారు సైతము ఆ సంపుటములను తమ బల్లపై నుంచుకొనవలసివచ్చెను.

బాడేతో స్నేహము నిలువలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున జ్వికీ ఆయనను నాజీ యని నిందించెను. ఆ నింద సత్యము కాదు. పాపము, బాడే తనకు ప్రాణభయము కలదని మిత్రులతో చెప్పుకొనునంత దూరము పోయెను. 1971లో స్వయముగా ప్రకటించిన మరియొక పట్టిక పీఠికలో జ్వికీ తన కాలపు శాస్త్రజ్ఞులను పేరుపేరున దూషించెను.

ఇదే మనుష్యుడు యుద్ధమున పాడైపోయిన దేశముల గ్రంథాలయములను చూచి ఓర్వలేక, శాస్త్రపత్రికలను, గ్రంథములను ఇల్లిల్లు తిరిగి సేకరించి, తన చేతులతో పెట్టెలు కట్టి, టన్నులకొలది విదేశములకు పంపెను. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు ఆశ్రయమిచ్చు పెస్టలాట్సీ సంస్థ కొరకు ఏండ్లతరబడి పాటుపడెను. యుద్ధకాలమున ఏరోజెట్ అను సంస్థలో రాకెట్ల పరిశోధనకు నాయకత్వము వహించెను. అందులకుగాను 1949లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆయనకు స్వాతంత్ర్య పతకము నొసగెను. అయినను ఆయన అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. కడవరకు స్విట్జర్లాండు పౌరుడుగనే యుండెను. 1968లో ఉద్యోగమునుండి విరమించెను. 1972లో ఇంగ్లండునందలి రాయల్ జ్యోతిశ్శాస్త్ర సంఘమువారు తమ స్వర్ణపతకము నిచ్చి గౌరవించిరి. 1974వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన, డెబ్బదియారవ యేడు నిండుటకు ఆరు దినములుండగా, జ్వికీ పసడీనాలో మరణించెను. ఆయన కోరిన కొండల నడుమనే, గ్లారుస్ ప్రాంతమందలి మొల్లిస్ గ్రామమున, ఆయన సమాధి కలదు.

ఆయన కన్నుమూయునాటికి కోమా లెక్క అపరిష్కృతముగనే యుండెను. కాని గాలి మళ్లుచుండెను. 1970 మొదలు వెరా రూబిన్ అను విదుషీమణి కెంట్ ఫోర్డుతో కలిసి ఒక్కొక్క గెలాక్సీ లోపలి చలనమును కొలిచి, అంచులందలి నక్షత్రములు సయితము వేగము తగ్గక తిరుగుచున్నవని చూపెను. కనబడని ద్రవ్యము సమూహములలోనే కాక ప్రతి గెలాక్సీలోను కలదని దానివలన తేలెను. 1970 డిసెంబరులో అంతరిక్షమునకు పంపబడిన ఉహూరు ఉపగ్రహము, గెలాక్సీల సమూహములు ఎక్స్‌కిరణములను విరజిమ్ముచున్నవని కనిపెట్టెను. గెలాక్సీల నడుమ కోట్ల డిగ్రీల వేడిగల పలుచని వాయువు నిండియుండుటయే దీనికి కారణము. ఆ వాయువు బరువు నక్షత్రములన్నింటి బరువుకంటె ఎక్కువ. జ్వికీకి కనబడని దానిలో కొంతభాగ మిదియే. అయినను ఇది కలిపినను లెక్క సరిపడలేదు.

ఆయన చెప్పిన 400 రెట్లు నేడు నిలువదు. ఆ కాలమున కోమా సమూహము 4.5 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున నున్నదని తలచిరి. నిజమైన దూరము దాదాపు 32 కోట్ల కాంతి సంవత్సరములు. దూరము పెరిగినకొలది కాంతిలెక్క ద్రవ్యపులెక్కకంటె త్వరగా పెరుగును గాన, రెంటికిని నడుమనున్న యంతరము తగ్గినది. సవరణలన్నియు చేసి, వాయువును కలిపి చూచినను, సమూహములోని ద్రవ్యమున ఆరింట అయిదు పాళ్లు ఇప్పటికిని లెక్కకు దొరకుట లేదు. సంఖ్య తప్పినది కాని తూకము తప్పలేదు.

గాజుబిళ్లవంటి తూకము కూడ దొరకినది. 1979లో ఒక దూరపు జ్యోతి, నడుమనున్న గెలాక్సీ చేసిన వంపువలన రెండుగా కనబడెను. తరువాత గెలాక్సీల సమూహముల వెనుకనున్న గెలాక్సీలు విల్లులవలె వంగి సాగియున్న చిత్రములు లభించినవి. వంపునుబట్టి తూచినను, వేగమునుబట్టి తూచినను, వాయువు వేడినిబట్టి తూచినను సమూహపు బరువు ఇంచుమించు ఒకటే వచ్చుచున్నది. 2006లో మరింత చిత్రమైన సాక్ష్యము లభించెను. దక్షిణాకాశమున రెండు సమూహములు ఒకదానితో నొకటి ఢీకొని దూసికొనిపోయినవి. మద్రాసులో చదివిన సుబ్రహ్మణ్య చంద్రశేఖరుని పేరిట నడచు చంద్ర దూరదర్శిని ఆ తాకిడి చిత్రమును తీసెను. వాయువులు రెండును రాపిడివలన వెనుకబడి నడుమ చిక్కుకొనినవి. కాంతిని వంచు బరువు మాత్రము గెలాక్సీలతోపాటు ముందునకు సాగిపోయినది. వాయువుకంటె వేరైన బరువేదో అచ్చట కలదని కంటికి కట్టినట్లయ్యెను.

జ్వికీ వెదకిన సూపర్నోవాలు మరియొక వింతకు దారితీసినవి. వానిలో నొక జాతివాని వెలుగు ఇంచుమించు ఒకే కొలతకు వచ్చును. అందుచేత అవి దూరమును తెలుపు మైలురాళ్లుగా నుపయోగపడును. 1998లో రెండు బృందములవారు వాని దూరములను కొలిచి, విశ్వము సాగుట నానాటికి వేగము పుంజుకొనుచున్నదని ప్రకటించిరి. అట్లు సాగదీయుచున్న దానికి కృష్ణశక్తి యని పేరు. 2011లో ఈ పనికి నోబెల్ బహుమానము లభించెను. నేటి లెక్క ప్రకారము విశ్వమున మనమెరిగిన ద్రవ్యము నూటికి అయిదు పాళ్లు, కృష్ణపదార్థము ఇరువదియేడు, తక్కిన యరువదియెనిమిది పాళ్లు కృష్ణశక్తి.

ఈ రెంటి పోరును చూచుటకు గెలాక్సీల సమూహములే తగిన రంగస్థలము. కృష్ణపదార్థము తన ఆకర్షణచే గెలాక్సీలను చేరదీసి సమూహములను పెంచును. కృష్ణశక్తి విశ్వమును సాగదీసి ఆ పెరుగుదలను అడ్డగించును. దూరముగా చూచుట యనగా పూర్వకాలమును చూచుటయే గాన, ఏ కాలమున ఎంత బరువుగల సమూహములెన్ని యుండెనో లెక్కించినచో ఆ పోరు ఎట్లు సాగినదో తెలియును. 2019లో పైకి పంపబడిన ఈరోసిటా అను జర్మను దూరదర్శిని తన మొదటి ఆరు నెలల పరిశీలనలోనే పండ్రెండు వేలకు పైగా సమూహములను చూపెను. 2024లో ఆ పట్టిక వెలువడెను. 2023 జూలైలో బయలుదేరిన ఐరోపావారి యూక్లిడ్ దూరదర్శిని కాంతి వంపులను కొలుచు పనిలో నున్నది.

కృష్ణపదార్థము ఏమి కణములతో చేయబడినదో చేతికి చిక్కించుకొని చూడవలెనని మరికొందరు భూమి లోపలికి దిగిరి. అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రమున మూతపడిన బంగారుగని యొకటి కలదు. దాని యడుగున, దాదాపు ఒకటిన్నర కిలోమీటరు లోతున, పది టన్నుల ద్రవ జెనాన్‌తో నింపిన తొట్టి నుంచి, ఆ కణము వచ్చి తాకినచో పుట్టవలసిన చిన్న మెరుపు కొరకు కాచుకొనియున్నారు. ఇంతవరకు అట్టి మెరుపు ఒక్కటియు నిశ్చయముగా కనబడలేదు.